పేర్లు ఊడదీసే అలివేలుమంగ గారు

ఇంకొకళ్ల పేరున్న గిన్నె మన వంటింట్లో ఉందంటే దానికి రెండే అర్థాలు. వాళ్లు మనకు బహుమతిగా ఇచ్చి ఉండాలి, లేదంటే మనం అందులో కూరో పులుసో తెచ్చుకుని గిన్నె తిరిగి ఇవ్వకుండా ఉంచేసుకుని ఉండాలి. మొదటిదైతే పర్వాలేదు. రెండోదైతే పరువు తక్కువ. ఈ సంగతి తణుకులో చంటిపిల్లలకు కూడా తెలుసట. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కార్లమ్మే పెద్దమనుషులకు మాత్రం తెలియదు. అలివేలుమంగ గారి కథంతా అక్కడే మొదలైంది.

ఆవిడ మా పై వాటాలో ఉంటారు. కింద వాటా నాది. మా ఇంట్లో మెట్లు తుడవడానికి వారాలుంటాయి. ఎవరి వంతు వస్తే వాళ్ల తలుపుకి ఒక చిన్న బోర్డు వేలాడుతుంది, ఆ వారం మెట్లన్నీ వాళ్లే శుభ్రం చేయాలి. నా వారంలో నేను తుడిచి లోపలికి వెళ్లగానే ఆవిడ చప్పుడు చేయకుండా దిగి వచ్చి మళ్లీ తుడిచేవారు. మూడోసారి పట్టుకున్నాను. నాది హన్మకొండ, పైగా కోపం ముక్కు మీదుంటుంది. నేను చేసిన పని నచ్చకపోతే మొహం మీదే చెప్పమన్నాను. ఆవిడ ఏ మాత్రం తడుముకోకుండా, నచ్చలేదమ్మాయ్, మూలలు వదిలేశావు అన్నారు. అప్పట్నుంచి నాకు ఆవిడ అక్క.

అక్క భర్త జనార్దనరావు గారు 2014లో బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చారు. మా ఆఫీసే. కారు బ్రేకు ఎప్పుడు పడాలో, ఎంత పడాలో కాగితం మీద రాయడం ఆయన పని. అది నిజంగా పడుతోందో లేదో చూడడం నా పని. ఆయనకు జాబితాలంటే ప్రాణం. ఉప్మా చేయమంటే ముందు పదిహేడు అంశాల జాబితా రాసి, అందులో రవ్వ మర్చిపోయే మనిషి. కూతురు ఈషా ఐదేళ్లప్పుడు వచ్చింది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది.

తణుకు మెయిన్ రోడ్డు మీద అక్క వాళ్ల నాన్న అనంతరామయ్య గారికి స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. 'గిన్నెల మీద పేర్లు వేయబడును' అని అట్టముక్క మీద రాసి, దాని కింద స్టూలేసి కూతుర్ని కూర్చోబెట్టారు. పదో తరగతి నుంచి పెళ్లిదాకా, పదేళ్లు, అక్క ఆ స్టూలు మీదే ఉంది. చేతిలో కలంలాంటి మిషను, జుయ్‌మని శబ్దం, బిందె మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు. గృహప్రవేశ శుభసందర్భంగా ఫలానా దంపతులు. ఫలానా తాతగారి జ్ఞాపకార్థం. తణుకులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అక్క చేత్తో పేరు పడని వంటిల్లు లేదట. మార్పిడికొచ్చిన పాత సామాను మీది పాత పేర్లను బఫింగు చక్రానికి పట్టి అరగదీయడం కూడా ఆవిడ పనే. ఒకసారి వెండి పూత వేసిన కుందుల మీద ఒత్తి పట్టేస్తే లోపలి ఇత్తడి బయటపడింది. నాన్న చేత తిన్న చీవాట్లు ఇప్పటికీ గుర్తేనంటుంది.

అక్క వంటింట్లో ఏ గిన్నె తిరగేసినా 'కొ. జ. రా.' అని ఉంటుంది. కొత్తపల్లి జనార్దనరావు. పెళ్లికి వారం ముందు సారె సామాను నలభైమూడింటి మీదా తన చేత్తో తనే వేసుకుంది. నీ సారె మీద నీ పేరేదక్కా అని అడిగాను. పెళ్లికొడుకు పేరే వేస్తారు అమ్మాయ్, ఇంకెవరి పేరు వేస్తారు అని, నాకే ఏదో తెలియనట్టు చూసింది.

ఆ మిషను కూడా పెట్టెలో పెట్టుకుని జర్మనీ తెచ్చింది. తీరా చూస్తే ఇక్కడ గిన్నె అరువడిగే మనిషే లేడు, ఇంక పేరెందుకు. వచ్చినప్పట్నుంచీ అది పచ్చడి జాడీల వెనకే పడుకుంది.

2019 వసంతంలో జనార్దనరావు గారు ఫోర్త్‌సైమ్ దగ్గర ఒక కొట్టులో పాత కారు కొన్నారు. బూడిద రంగు, ఏడేళ్లది. పార్కింగులో పూజ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ ముక్కలు పక్కింటాయన కారు మీద పడకుండా ప్లాస్టిక్ సంచిలో వేసి కొట్టారు. హారతి పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ అక్క డిక్కీ దగ్గర ఆగిపోయింది. అక్కడ పదకొండు వెండిరంగు అక్షరాలున్నాయి.

"ఏవండీ, ఈ పేరెవరిదండీ?"

కారమ్మిన కొట్టుదని, ఇక్కడ అందరూ అలాగే అంటిస్తారని ఆయన చెప్పారు.

"మనం కొనుక్కున్న కారు మీద వాడి పేరేంటండీ? అరువు తెచ్చుకున్నామా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. అక్క ఊరుకోలేదు. ఆ ఆదివారం పక్క ఊరు జిండెల్‌ఫింగెన్‌లో ఉగాది కలయిక. కారు తీశారు. ఇంకొకళ్ల గిన్నెలో పులిహోర పట్టుకెళ్లి నలుగురికీ వడ్డించలేను, ఇదీ అంతే అని చెప్పి, పట్టుచీర కట్టుకుని, పులిహోర డబ్బా పట్టుకుని, ఎస్-బాన్ రైలెక్కి వెళ్లింది. వెనకాలే ఖాళీ కారులో జనార్దనరావు గారు వచ్చారు. అందరూ ఏమైందని అడిగేవాళ్లే.

ఆ తర్వాతి శనివారం ఆయన జాబితా రాశారు. జాబితా ఘనంగానే ఉంది కానీ పనిముట్టు దగ్గరికొచ్చేసరికి వంటింట్లోంచి అట్లకాడ తెచ్చారు. పల్చగా ఉంటుంది, అక్షరం కిందికి సులువుగా దూరుతుందని ఆయన లెక్క. దూరింది. కర్రుమన్న ఆ శబ్దం నాకు లోపలికి వినపడింది. మొదటి అక్షరం ఊడింది, దాంతోపాటు వేలెడు పొడవున రంగూ లేచిపోయింది. అట్లకాడ కూడా వంకర పోయింది, దాంతో ఇప్పటికీ అట్టు సరిగ్గా తిరగదు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ" అని అక్క ఆయన చేతిలోంచి అట్లకాడ లాక్కుంది. తర్వాత నా కిటికీ తట్టి కరెంటు తీగ కావాలంది.

నా కిటికీలోంచి తీగ లాగి తల ఆరబెట్టుకునే డ్రయ్యరు పెట్టింది. ముందు ఆ భాగమంతా సబ్బునీళ్లతో కడిగింది, ఇసుక రేణువు ఉంటే అదే గీరుతుందని. అక్షరాల వెనక మేకులేమైనా దిగి ఉన్నాయేమోనని డిక్కీ లోపలి నుంచి చెయ్యి పెట్టి చూసింది. వేడి చేస్తూ మధ్యమధ్య అరచేతి వెనకవైపు ఆనించి చూసేది. చంటిపిల్లకు పోసే నీళ్లంత వెచ్చగా ఉండాలి, అంతకు మించితే రంగు ఉడుకుతుంది. జిగురు మెత్తబడ్డాక, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం రెండు వేళ్లకు చుట్టి అక్షరం వెనక అటూ ఇటూ లాగింది. అక్షరం దానంతట అదే చేతిలోకొచ్చింది. మిగిలిన జిగురుకి కొబ్బరినూనె పూసి పది నిమిషాలు వదిలేసి, బొటనవేలితో నలిపి ఉండలు చుట్టేసింది. కొత్త స్టీలు పళ్లెం మీది కాగితం తీయాలంటే అందరం చేసేదదే కదా, పళ్లెం వెనక కాస్త వేడి చూపించి, ఊడిన చోట నూనె రాస్తాం. నాకూ తెలుసు ఆ పని. కారు దగ్గర బుర్రకు తట్టలేదంతే.

నలభై నిమిషాల్లో పది అక్షరాలూ పోయాయి. కానీ పేరు పోలేదు. ఏడేళ్ల ఎండకు చుట్టూ రంగు వెలిసింది, అక్షరాల కింద మాత్రం కొత్తగా ఉంది. దాంతో ఆ కొట్టు పేరు నీడలాగా ఇంకా బాగానే చదవొస్తోంది. జనార్దనరావు గారు తలపట్టుకున్నారు. అక్క మాత్రం పాత చుట్టం ఎదురైనట్టు నవ్వింది. పాత బిందెలూ అంతేనట, పేరు తీసేశాక కూడా పేరుంటుంది, దాన్ని నిదానంగా అడగాలట. మెత్తటి గుడ్డకు పాలిషు అద్ది, వెండి పూత కుందులు గుర్తు చేసుకుంటూ, ఒత్తీ ఒత్తకుండా సాయంత్రందాకా రుద్దింది. పోయింది. అట్లకాడ గీత మాత్రం మిగిలింది. దాని మీద ఆయన వినాయకుడి స్టిక్కరు అంటించారు. ఆ కారు డిక్కీకి ఎడమ చివర, దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు వినాయకుడు ఇప్పటికీ ఉన్నాడు.

ఈ కబురు తెలుగువాళ్లలో పాకడానికి ఎంతసేపు. ముందు శశికాంత్ వచ్చాడు, స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తూ నలుగురు కలిసి కొన్న కారుతో. అది అంతకుముందు పిజ్జాలు మోసిన కారు, రెండు తలుపుల మీదా బొమ్మలు. దాన్ని చూసి సిగ్నళ్ల దగ్గర జనం ఆర్డరివ్వబోతున్నారని వాడి బాధ. తర్వాత ఎవరెవరో. ప్రతి శనివారం నా కిటికీలోంచి తీగ. అక్క దగ్గర ఒక డబ్బా తయారైంది. అందులో దారం, కొబ్బరినూనె సీసా, మెత్తగుడ్డలు, అరిగిపోయిన ప్లాస్టిక్ కార్డులు. కారు పొగ హద్దులో ఉందని చెప్పే, అద్దం మీది పచ్చ స్టిక్కరు తప్ప కారు మీద ఏదైనా తీసేది. అది ప్రభుత్వానిది, ముట్టుకోకూడదు అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది, వాళ్లకు తెలియనట్టు.

అందరూ థాంక్స్ చెప్పి వెళ్లిపోయేవాళ్లు. అక్కకు కావాల్సింది అది కాదు. ఆవిడకు ఉద్యోగం కావాలి. బీ-వన్ స్థాయి దాకా జర్మన్ నేర్చుకుంది, పరీక్ష పాసైంది. ఈషా పెద్దదైపోయింది. పొద్దున్న అందరూ ఎక్కడికో వెళ్తారు అమ్మాయ్, నేను తలుపేసుకుంటాను అని ఒకసారి అంది. ఇంకెప్పుడూ అనలేదు.

ఉద్యోగానికి లేబెన్స్‌లౌఫ్ కావాలి కదా, పుట్టిన దగ్గర్నుంచి ఏం చేశామో రాసిచ్చే కాగితం. అది నేను రాసిపెట్టాను. చదువు రాసి, కింద గృహిణి అని రాసి, అయిపోయిందన్నాను. అక్క రెండుసార్లు చదువుకుంది.

"అమ్మాయ్, నేను పదేళ్లు కొట్టులో కూర్చున్నాను కదా. అది రాయలేదేంటి?"

ఆ రోజు ఆఫీసులో ఎవడి మీదో ఉన్న కోపం నా నోట్లో ఉంది. గిన్నెల మీద పేర్లు వేసినోళ్లకు ఈ దేశంల ఎవరిస్తరక్కా ఉద్యోగం అనేశాను. ఆవిడ కాగితం మడిచి పెట్టుకుంది. ఆ మాటకు నాకు ఇప్పటికీ సిగ్గే.

నేను రాసిన ఆ గొప్ప కాగితంతో మూడు చోట్లకు వెళ్లింది. చిన్నపిల్లల్ని చూసుకునే కిటాలో సాయానికి, ఒక క్యాంటీన్‌కి, ఒక బేకరీకి. మూడు చోట్ల నుంచీ ఒకే రకం ఉత్తరం, కుదరదని, మర్యాదగా, శుభాకాంక్షలతో. మూడోది వచ్చిన రోజు మెట్ల మీద కనపడి, ఇంకొక్కటి చూస్తానమ్మాయ్, అదీ కాకపోతే ఇంక ఎవరి గుమ్మమూ ఎక్కను అంది. అక్క ఊరికే మాటలనే మనిషి కాదు, నాకు భయమేసింది.

ఆ ఇంకొక్కటి 2023 అక్టోబరులో వచ్చింది. నా కారుకి చలికాలం టైర్లు మార్పించడానికి బ్రెట్లె గారి కొట్టుకి వెళ్తూ అక్కను తోడు తీసుకెళ్లాను. పాత కార్లు కొని, బాగుచేసి అమ్ముతాడాయన. అరవై ఏళ్లుంటాయి, మొహం ఎర్రగా, ఎప్పుడూ తనలో తనే తిట్టుకుంటూ ఉంటాడు. ఆవేళ వేడిగాలి తుపాకీతో, ఇనపరేకుతో ఒక కారు వెనక పాత కొట్టు పేరు గీకుతున్నాడు. అక్క మొహం చూశాను. ఎవరో పసిపిల్లను కొడుతుంటే చూస్తున్నట్టుంది. నేను ఆపేలోపే వెళ్లి, కారు మీద అరచేతి వెనకవైపు ఆనించి, చాలా వేడి అని జర్మన్‌లో చెప్పి, సంచిలోంచి డబ్బా తీసింది. ఒక్క అక్షరం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అక్షరాన్ని చూశాడు, కారును చూశాడు, ఆవిడను చూశాడు. బుధవారం రమ్మన్నాడు. ఒక రోజు పని చేసి చూపించాలి, నచ్చితే పెట్టుకుంటాడు. కాగితం అడగలేదు.

బుధవారం నేను సెలవు పెట్టి దింపడానికి వెళ్లి, అక్కడే కాఫీ మిషను పక్కన కుర్చీలో ఉండిపోయాను. అద్దంలోంచి లోపల పని కనిపిస్తుంది. పన్నెండేళ్ల ముదురునీలం కారు ఒకటి ఇచ్చాడు. వెనక ఎడమవైపు ఉల్మ్ ఊరి కొట్టు పేరు, తొమ్మిది అక్షరాలు. కుడివైపు బ్రెట్లె పేరు, జర్మన్‌లో ఏడక్షరాలు, ఆ పొద్దున్నే ఆయన స్వయంగా అంటించుకున్నవి. వెనకంతా శుభ్రం చెయ్యి, పేరు ఆనవాలు కూడా కనపడకూడదు, కొన్నావిడ మూడింటికి వస్తుంది అని చెప్పి వెళ్లాడు. వెళ్లేముందు అక్క ఒక్కటే అడిగింది, కారు అమ్ముడైపోయిందా అని. అయిపోయింది, ఫ్రౌ వైడ్‌మన్‌కి అన్నాడు. ఆవిడ తల ఊపింది.

నీలం రంగు మీద నీడ పోగొట్టడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. అక్షరాలు గంటలో వచ్చేశాయి. నీడకు మూడు గంటలు పట్టింది. రుద్దడం, వెలుతురులోకి వంగి చూడడం, మళ్లీ రుద్దడం. మధ్యాహ్నం తిండి తినలేదు. తర్వాత ఆవిడ కుడివైపుకి జరిగింది. తుడుస్తోంది కాబోలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నేను ఫోనులో ఆఫీసువాడితో పోట్లాడుతున్నాను.

మూడింటికి ఇరవై నిమిషాలుండగా బ్రెట్లె వచ్చాడు. ఎడమవైపు వంగి చూశాడు. ఫోను లైటు వేసి చూశాడు. చేత్తో నిమిరాడు. తొమ్మిది అక్షరాల్లో ఒక్కదాని జాడ కూడా లేదు. ఆయన మొహంలో మెప్పు లాంటిది ఏదో మొదలైంది. అలాగే నిమురుకుంటూ కుడివైపుకి వచ్చి ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. మళ్లీ లైటు వేశాడు. పొద్దున్న తన చేత్తో తను అంటించిన పేరు ఎక్కడ ఉండేదో ఆయనకే దొరకలేదు.

నేను లేచి పరిగెత్తాను. అప్పటికే అక్క తన టిఫిన్ డబ్బా మూతలు రెండు తెచ్చి చూపిస్తోంది. ఒకదాంట్లో ఉల్మ్ అక్షరాలు తొమ్మిది, ఇంకోదాంట్లో బ్రెట్లె అక్షరాలు ఏడు. వెనక జిగురు శుభ్రంగా తీసేసి, వరసలో పేర్చి. మళ్లీ పనికొస్తాయి కదా అని. బ్రెట్లె తన పేరును మూతలో చూసుకున్నాడు. ఆయన మొహం ఎరుపు మెడ దాకా దిగింది. నా పేరు ఎవరు తీయమన్నారని అడిగాడు. గొంతు పెద్దది చేయలేదు, అదే ఎక్కువ భయం.

ఆ క్షణంలో నాకు అర్థమైంది, ఇక్కడితో అయిపోయింది. ఇంక ఆవిడ ఎవరి గుమ్మమూ ఎక్కదు. ఏదో ఒకటి సర్దిచెబుదామని నోరు తెరిచాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. తనకొచ్చిన జర్మన్‌లో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ తనే చెప్పింది. ఇక్కడ తెలుగులో రాస్తున్నానే గానీ ఒక్క ముక్క కూడా నేను కలపలేదు.

"మీరే కదా అమ్ముడైపోయిందన్నారు. అమ్ముడయ్యాక అది కొన్నావిడది. మా నాన్నకూ కొట్టుండేది. ముప్పయ్యేళ్లు అమ్మాడు, ఒక్క గిన్నె మీద తన పేరు వేసుకోలేదు. కొన్నవాళ్ల పేరే వేశాం. పదేళ్లు నేనే వేశాను."

అంతటితో ఆగితే బాగుండేది. ఆగకుండా సంచిలో చెయ్యి పెట్టి, పచ్చడి జాడీల వెనక నుంచి తెచ్చుకున్న ఆ మిషను తీసి ప్లగ్గులో పెట్టింది. ఆవిడ పేరు చెప్పండి, ఐదు నిమిషాల్లో వేసేస్తానంది.

ఇనప సూది జుయ్‌మంది. బ్రెట్లె రెండు చేతులూ చాపి డిక్కీకి అడ్డంగా నిలబడిపోయాడు. అరవై ఏళ్ల మనిషి అంత వేగంగా కదలగలడని నాకు తెలియదు. నేను కళ్లు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, ఏం జరుగుతోందని ఎవరో అడిగారు. ఫ్రౌ వైడ్‌మన్ పది నిమిషాలు ముందే వచ్చేసింది. పొట్టిగా, తెల్లజుట్టుతో, భుజాన గుడ్డసంచితో. ఈ దేశంలో ఎవరూ ఆలస్యంగా రారు, అదొక్కటే ఇబ్బంది.

బ్రెట్లె ఏదో గొణిగాడు. అక్క మాత్రం మొదట్నుంచీ మొత్తం చెప్పింది, తణుకుతో సహా. ఫ్రౌ వైడ్‌మన్ శ్రద్ధగా విని కారు వెనక్కి వెళ్లి చూసింది. ఇన్నేళ్లలో నాలుగు కార్లు కొన్నాననీ, నాలుగూ ఎవరో ఒకరి ప్రకటన మోసుకుని తిరిగాననీ, మా పేరు అంటించుకోవచ్చా అని ఒక్కడు కూడా తనను అడగలేదనీ అంది. తర్వాత తాళంచెవికున్న ఇనప బిళ్ల తీసి అక్కకు ఇచ్చింది. కారు మీద వద్దు గానీ దీని మీద వెయ్యగలవా అని అడిగింది.

జుయ్‌మని రెండు నిమిషాలు. చుక్కలు చుక్కలుగా ఫ్రౌ వైడ్‌మన్ పేరు, చివర తణుకు బిందెల మీద వేసే చిన్న పువ్వు. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చదువుకుంది, మళ్లీ చదువుకుంది, జేబులో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని కారెక్కింది. బ్రెట్లె కారును చూడలేదు, ఆ చేతినే చూస్తున్నాడు. ఎంత కోపంలో ఉన్నా వ్యాపారి వ్యాపారే. ఆవిడ వెళ్లాక మూతలోని తన ఏడక్షరాలు తీసుకుని జేబులో పోసుకున్నాడు. సోమవారం ఏడింటికల్లా రావాలి, ఆలస్యం కాకూడదు అన్నాడు. వెళ్తూ వెనక్కి తిరిగి, ఆ యంత్రం కూడా తెచ్చుకో అన్నాడు.

కారులో అక్క ఏడుస్తుందనుకున్నాను. ఆకలేస్తోందమ్మాయ్ అంది. ఏడ్చింది నేను.

ఇప్పుడు బ్రెట్లె కొట్టులో కారు కొన్న ప్రతివాళ్లకూ తాళంచెవి బిళ్ల మీద వాళ్ల పేరు వేసిస్తారు. ఆయన పేరు నంబరు ప్లేటు చట్రం మీద మాత్రమే ఉంటుంది. అదీ ఉండకూడదని అక్క వాదన, ఇంకా నడుస్తోంది.

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. పనిలో చేరిన నెలకు ఒక శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లో భోంచేశాను. తిన్నాక అక్క గిన్నెలు కడుగుతోంది, జనార్దనరావు గారు గుడ్డతో తుడిచి అరలో పెడుతున్నారు. కళ్లజోడు నెత్తి మీదుంది. కొ. జ. రా., కొ. జ. రా., అని చూడకుండానే పెట్టేస్తున్నారు. ఒక టిఫిన్ డబ్బా దగ్గర చెయ్యి ఆగింది. దాని మీద మూడు అక్షరాలు కాదు, చాలా ఉన్నాయి.

"ఏమోయ్, ఇదెవరిదో మనింటికి వచ్చేసింది. మీ కొట్టులోవాళ్లదేమో, సోమవారం గుర్తుపెట్టుకుని తిరిగిచ్చెయ్యి. బాగుండదు."

కొట్టులో ఫ్రిజ్‌లో అన్ని డబ్బాలూ ఒకేలా ఉంటాయి. ముందు వారం ఎవరో పొరపాటున ఆవిడ పులిహోర తినేశారు. అందుకని వేసుకున్నదది. వేసేటప్పుడు అలవాటు కొద్దీ చెయ్యి 'కొ' దగ్గరికే వెళ్లిందనీ, సూది ఆనించబోయి ఆపేశాననీ తర్వాత నాతో చెప్పింది. కొన్ని వేల పేర్లు వేసిన చెయ్యి, ఆ పేరు ఎప్పుడూ వేయలేదు. మొదటి అక్షరం కాస్త వంకరగా వచ్చింది.

అక్క నీళ్లు కట్టేసింది.

"కళ్లజోడు పెట్టుకుని చదవండి."

ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నారు. మూతను దీపం కిందికి తిప్పి, చిన్నపిల్లాడిలా కూడబలుక్కుని చదివారు. అ. లి. వే. అక్కడ ఆగి ఆవిడ వైపు చూశారు.

"నాదేనండీ. ఎవరికీ తిరిగివ్వక్కర్లేదు."

జనార్దనరావు గారు డబ్బాను ఇంకోసారి తుడిచారు, అప్పటికే ఆరిపోయి ఉన్నా. కొ. జ. రా. గిన్నెల్ని కొంచెం వెనక్కి జరిపి, దాన్ని ముందు పెట్టారు.